పాలిషు మేస్త్రి సాక్ష్యం

చెక్కకు పాలిషు పెట్టేవాడికి మెప్పు దక్కదు. బల్ల అందంగా వచ్చిందనుకోండి, చూసినవాళ్ళు "చెక్క ఎంత బాగుందో!" అంటారు. కాస్త పని తెలిసినవాళ్ళయితే వంగి చూసి, "అతుకు ఎక్కడుందో కనబడటం లేదే!" అని వడ్రంగిని మెచ్చుకుంటారు. ఎక్కడో ఒక మరక మిగిలిందా, అప్పుడు మాత్రం అందరికీ పాలిషు పెట్టినవాడు గుర్తొస్తాడు.

పాలిషు మేస్త్రి ఈ మాట పద్ధెనిమిదేళ్ళుగా తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు. పైకి అనడు. మనిషి నెమ్మదస్తుడు. వేళకు వచ్చి, వీధి గుమ్మం పక్కనున్న తన చోటులో కూర్చుని, ముందు ఉప్పు కాగితంతో చెక్కను రుద్ది, ఆ పైన లక్క కలిపిన స్పిరిట్లో గుడ్డ ఉండ ముంచి, గుండ్రంగా, తొందర లేకుండా తిప్పుతూ పోతాడు. సాయంత్రానికి బీరువా తలుపులో ఎదురింటి కిటికీ కనబడాలి. అదీ ఆయన లెక్క.

ఆయన పనిచేసే కార్ఖానా మామగారిది. అందరూ ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. ముందు గది పాలిషుకి, వెనక గది కోతకి, ఆ వెనక ఇల్లు. పాలిషు మేస్త్రి పనితనం చూసే పెద్దమేస్త్రి తన పెద్దకూతుర్నిచ్చాడు. ఎనిమిదేళ్ళు ఈయన ఒక్కడే అల్లుడు. ఆ తర్వాత చిన్నకూతురి పెళ్ళయింది, చిన్నల్లుడు వచ్చాడు.

ఆ చిన్నల్లుడు చేసిన తప్పేమైనా ఉందా అంటే, వెతికినా దొరకదు. అదే బాధ. రంపం పడితే గీత తప్పడు. భోజనాల దగ్గర కూర్చుంటే నలుగురినీ నవ్విస్తాడు. అత్తగారు వాణ్ణి "ఒరేయ్ అబ్బాయ్, ఇటు రా, ఈ డబ్బా మూత తియ్యి" అని కేకేస్తుంది. ఈయనతో మాట్లాడాలంటే కొంగు సర్దుకుని, "అల్లుడుగారూ, మీరు భోంచేస్తారా?" అంటుంది. మర్యాద పెరిగిన కొద్దీ మనిషి వీధరుగు మీదే ఉండిపోతాడని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒకసారి భార్య దగ్గర ఆ మాట కదిపాడు.

"మిమ్మల్నీ ఒరేయ్ అనమని మా అమ్మతో చెప్పనా?" అని ఆవిడ పకపకా నవ్వింది. "నలభై దాటిన మనిషికి ఈ సరదా ఏమిటండీ!"

ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కార్ఖానాలో ఒక కట్టడి ఉంది. వెనక గదిలో కోత మిషను తిరుగుతుంటే పిడుగు పడినా వినబడదు. మామా అల్లుళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని పని చేస్తారు. చాలా ఏళ్ళ కిందట ఎవరో బేరానికి వచ్చినాయన చెప్పాపెట్టకుండా లోపలికి వెళ్ళి, వెనకనుంచి పెద్దమేస్త్రి భుజం తట్టాడు. ఉలిక్కిపడ్డ చేతిలోంచి చెక్క ఎగిరి ఆ పెద్దమనిషి నుదురు చీరింది. అప్పటినుంచి ముందు గదిలో, పాలిషు మేస్త్రి చెయ్యి అందేంత దూరంలో ఒక స్విచ్చి పెట్టించారు. అది నొక్కితే వెనక గదిలో మిషను పైన ఎర్రలైటు వెలుగుతుంది. లైటు వెలిగితే మిషను ఆగాలి, దూది తియ్యాలి, అప్పుడే బయటివాళ్ళు లోపలికి రావాలి. లైటు వెయ్యడం పాలిషు మేస్త్రి పని. పద్ధెనిమిదేళ్ళలో ఒక్కనాడూ ఆయన అది మరవలేదు.

ఆ రోజూ మరవలేదు. వెయ్యలేదు, అంతే.

ఆ పొద్దున పెద్దమేస్త్రి చెక్కను నునుపు చేసే చిత్రికను, తన గురువు ఇచ్చినదాన్ని, నూనె గుడ్డలోంచి తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టాడు. "నా చెయ్యి వీడికొచ్చింది. ఇంక ఇది వీడి దగ్గరుండటమే న్యాయం," అన్నాడు. అందరూ సంతోషించారు. పాలిషు మేస్త్రి కూడా "మంచిది మామయ్యా" అన్నాడు. ఆ చిత్రిక పిడికి ఏటా పాలిషు పట్టించింది ఎవరో ఆ పూట ఎవరికీ గుర్తు లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, తెరిచిన తలుపులోంచి ఆయనకు వెనక గది కనబడుతూనే ఉంది. మిషను తిరుగుతోంది. పెద్దమేస్త్రి చిన్నల్లుడి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు, వాడు తల వెనక్కి వేసి నవ్వాడు. ఆ రొదలో నవ్వు వినబడదు, పళ్ళు మాత్రం కనబడతాయి. పాలిషు మేస్త్రి కడుపులో రంపపు పొట్టు అంటుకున్నట్టు మండింది.

అప్పుడు వచ్చారు ఇద్దరు, మామూలు బట్టల్లో. ఒకాయన నడివయసువాడు, రెండోవాడు కుర్రవాడు. పెద్దాయన జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

"పోలీసులం. లోపల ఎవరున్నారు?"

"మా మామగారూ, ఆయన ముద్దుల అల్లుడూ."

"మరి నువ్వు?"

"నేను పాలిషు."

కుర్రవాడు ఫక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. "చెక్క పనివాళ్ళ దగ్గర ఒకడు దాక్కున్నాడని కబురొచ్చింది. వాడి దగ్గర పిస్తోలుంది. లోపల చూడాలి," అన్నాడు.

ఆ కబురు నిజమే. కాకపోతే అది పక్క వీధిలో పెట్టెలు కొట్టే షెడ్డు సంగతి. వాళ్ళు వీధి తప్పారు. ఆ సంగతి ఆ సాయంత్రానికి గాని తేలలేదు.

పాలిషు మేస్త్రి చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చి వైపు లేచింది. సగంలో ఆగింది. వాళ్ళ నవ్వులకు నేనెందుకు దీపం పట్టాలి? ఒక్కసారి ఉలిక్కిపడనీ, ఆ పళ్ళు కాస్త లోపలికి పోనీ అనుకున్నాడు. అనుకున్నది అంతే. అంతకు మించి చెడు కోరలేదని ఆయన తర్వాత దేవుడికి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

"మీరే వెళ్ళి చూసుకోండి," అన్నాడు, గుడ్డ ఉండ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

ఆ తర్వాత జరిగిందంతా ఒక గుక్కెడు నీళ్ళు తాగేంత సేపు. పెద్దమేస్త్రి చేతిలో గాలితో మేకులు దించే మిషను ఉంది. అది చూడటానికి పిస్తోలులాగే ఉంటుంది. తలుపులో నీడ పడేసరికి ఆయన అది చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగాడు. కుర్ర పోలీసు ఏదో అరిచాడు. పెద్ద పోలీసూ అరిచాడు. పెదవులు కదలడం తప్ప లోపలివాళ్ళకు ఏమీ తెలియలేదు. కుర్రవాడు కాల్చాడు. గుండు పెద్దమేస్త్రి భుజంలో దిగింది. మనిషి గోడకు జారాడు గాని బిగుసుకున్న వేళ్ళు మిషనును వదల్లేదు. ఆ మిషను తన వైపే ఉండటం చూసి, కుర్రవాడు రెండోసారి గురిపెట్టాడు.

చిన్నల్లుడు తల తిప్పి చూసింది అప్పుడే. ముక్కూ మొహం తెలియనివాడొకడు మామయ్య గుండెకు పిస్తోలు గురిపెట్టి ఉన్నాడు. చిన్నల్లుడి చేతిలో కొయ్య సుత్తి ఉంది. ఉన్న బలమంతా పెట్టి ఆ మణికట్టు మీద కొట్టాడు. రెండో గుండు కలప దొంతరలో పడింది. ఎముక విరిగింది.

మరి పాలిషు మేస్త్రి? మొదటి చప్పుడికే పాలిషు పెడుతున్న బీరువా వెనక్కి దూరి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చి కరెంటు కట్టేసింది. నిశ్శబ్దంలో మొదట వినబడింది కుర్ర పోలీసు ఏడుపు. "అయ్యో, ఇది మేకుల మిషనా! తాతా, మేకుల మిషనా ఇది!" అంటూ, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో తన జేబురుమాలు ఆ ముసలాయన భుజానికి అదిమి పట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఎవరిలో ఎంత మంచి ఉందో, అది ఏ వేళకు బయటికొస్తుందో పైవాడికే తెలియాలి.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్నల్లుణ్ణి అప్పటికే తీసుకుపోయారు. ఇంట్లోవాళ్ళందరూ నిలబడి ఉండగా అడిగాడు. "మావాళ్ళు నీకు కార్డు చూపించారు కదా. లోపలివాళ్ళకు నువ్వేమైనా చెప్పావా?"

అత్తగారు ఈయన మొహంలోకి చూసింది. భార్యా చూసింది.

"లైటు వేశాను," అన్నాడు పాలిషు మేస్త్రి.

"మీరు చెయ్యాల్సింది మీరు చేశారు," అని అత్తగారు కళ్ళు తుడుచుకుంది. పద్ధెనిమిదేళ్ళలో ఆవిడ ఆయన్ని మెచ్చుకున్నది అదే మొదలు. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ ఒక్క మాట ఏం చేసిందో నాలుగు రోజుల తర్వాత, చిన్నల్లుడి తరఫున పెట్టుకున్న వకీలమ్మ విడమరిచి చెప్పింది. "ముక్కూ మొహం తెలియనివాడు పిస్తోలు పట్టుకుని మీ మనిషిని చంపబోతే, అడ్డం పడి కొట్టొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. పోలీసని తెలిసి కొట్టాడంటే మాత్రం ఏళ్ళ తరబడి జైలే. పోలీసులేమంటున్నారో తెలుసా? లైటు వెలిగింది, ఎవరో వచ్చారని ఇతనికి తెలుసు, అయినా మిషను ఆపలేదు, సుత్తి పట్టుకుని కాచుకుని ఉన్నాడు అంటున్నారు. ఇప్పుడు వ్యవహారమంతా ఆ లైటు మీదే నిలబడింది."

"మా ఆయన లైటు చూళ్ళేదంటున్నారు," అంది మరదలు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో.

"బావగారు వేశానని సంతకం పెట్టారు మరి."

అందరూ పాలిషు మేస్త్రి వైపు చూశారు. ఆయన గోళ్ళ సందుల్లోని లక్క గీక్కుంటూ కూర్చున్నాడు.

ఇంక ఇప్పుడైనా ఆ ఇంట్లో తనకు చోటు దొరకాలి కదా! చిన్నల్లుడు జైల్లో ఉన్నాడు. భోజనాల దగ్గర వాడి పీట ఖాళీ. మరి ఏం జరిగింది? ఆ ఖాళీ పీట దగ్గరే అందరి కళ్ళూ. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకోబోయి, "వాడు తిన్నాడో లేదో" అని ఆగిపోతుంది. ఆసుపత్రిలో పెద్దమేస్త్రికి తెలివొచ్చి అడిగిన మొదటి మాట, "అబ్బాయి ఏడీ?" ఈయన మంచం పక్కనే నిలబడి, "నేనున్నాను మామయ్యా" అన్నాడు. "నువ్వు కాదయ్యా," అన్నాడాయన, పాపం మత్తులోనే.

వీధిలోవాళ్ళు వచ్చి, "మామగారి ప్రాణానికి ప్రాణం అడ్డేశాడు. అల్లుడంటే అలా ఉండాలి," అని పోతున్నారు. ఈయన కూతురు, తొమ్మిదేళ్ళది, చిన్నాన్న సుత్తి పట్టుకున్న బొమ్మ వేసి గోడకు అంటించింది. బొమ్మలో తాతయ్య ఉన్నాడు, పోలీసు ఉన్నాడు.

"నేనెక్కడ?" అని అడిగాడు.

"నువ్వు బీరువా వెనకున్నావు కదా నాన్నా. కనబడవు," అంది పిల్ల, మామూలుగా.

జైల్లో ఉన్నవాడి మీద అసూయ పడేంత దిగజారుడు ఉంటుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. పడ్డాడు. రోజూ పడ్డాడు. ప్రార్థన చేసుకునేటప్పుడు, "దేవుడా, వాణ్ణి క్షేమంగా ఇంటికి చేర్చు" అనబోతే నాలుక బరువెక్కేది. అన్నది అబద్ధమని తనకు తెలుసు, వినేవాడికి ఇంకా బాగా తెలుసు. కొన్నాళ్ళకు కళ్ళు మూసుకుని మాట లేకుండా కూర్చుని లేచేవాడు.

మూడో వారం అత్తగారికి జ్వరం వచ్చి, జైలుకు ఈయన వెళ్ళాల్సొచ్చింది. చిన్నల్లుడు చిక్కిపోయాడు. కమ్మీల అవతల నిలబడి ముందు మామయ్య గురించి అడిగాడు. తర్వాత, "అన్నయ్యా, నీ చేతులు ఎలా ఉన్నాయి? ఆ కొత్త లక్కకి దద్దుర్లు వచ్చాయి కదా. తగ్గాయా?" అన్నాడు.

ఇంట్లో ఎవరూ అడగని మాట అది. పాలిషు మేస్త్రి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "తగ్గాయిలే."

"లైటు సంగతి ఏదో అంటున్నారట," అన్నాడు చిన్నల్లుడు. "నేను చూడలేదు అన్నయ్యా, ఒట్టు. కానీ నువ్వు వేశానంటే వేసే ఉంటావు. నువ్వు ఎప్పుడు మర్చిపోయావు గనక! అప్పుడు మామయ్య ఏదో జోకు చెప్తున్నాడు, నేనే పైకి చూసి ఉండను. వకీలమ్మకీ అదే చెప్తాను."

వాడికి కోపం వచ్చి ఉంటే ఎంత బాగుండేది! వాడు తిట్టి ఉంటే, తనూ నాలుగు తిట్టి, గుండె బరువు దింపుకుని వచ్చేవాడు. నమ్మి కూర్చున్నాడు, దుర్మార్గుడు. మంచితనంలో కూడా ఇంకొకరికి చోటు వదలడా? దారి పొడుగునా పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాడు.

విచారణ రోజు రానే వచ్చింది. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకునే నడివయసు ఆవిడ. చెయ్యి మెడకు కట్టుకుని వచ్చిన పెద్దమేస్త్రిని చూడగానే కుర్చీ వేయించింది. కుర్ర పోలీసు కూడా కట్టు చేత్తో ఒక మూల నిలబడ్డాడు. ఆవిడ అతనికీ కూర్చోమని సైగ చేసింది. అతను కూర్చోలేదు.

చిన్నల్లుణ్ణి పిలిచి అడిగింది. "అతను పోలీసని నీకు తెలుసా?"

"తెలీదమ్మా."

"లైటు వెలిగిందా?"

"నేను చూళ్ళేదమ్మా. వెలిగే ఉంటుంది."

వకీలమ్మ నుదురు కొట్టుకున్నంత పని చేసింది.

మేజిస్ట్రేటు గారు కాసేపు కాగితాలు చూసి, నెమ్మదిగా అడిగింది. "ఒక మాట చెప్పు. అతను పోలీసని తెలిసి ఉంటే కొట్టేవాడివి కాదు కదా?"

కాదు అంటే చాలు. వకీలమ్మ కళ్ళతోనే బతిమాలుతోంది.

"అబద్ధం చెప్పలేనమ్మా. మొదటి దెబ్బకే మామయ్య పడిపోయాడు. ఆ అబ్బాయి మళ్ళీ గురిపెట్టాడు. పోలీసని తెలిస్తే ముందు అరిచేవాణ్ణి, కాళ్ళు పట్టుకునేవాణ్ణి. అరిచినా వినబడని ఆ రొదలో, అరిచే టైము లేనప్పుడు ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. కొట్టేవాణ్ణేమో. చూస్తూ నిలబడితే మామయ్య పోయేవాడు, కొడితే నేను పోతాను. ఇందులో ఏది మంచిదో పెద్దలు మీరే చెప్పాలి." ఆగి, కుర్ర పోలీసు వైపు తిరిగాడు. "చెయ్యి నొప్పి తగ్గిందా బాబూ?"

కుర్ర పోలీసు తల వంచుకున్నాడు.

పెద్దమేస్త్రి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు చూసి పాలిషు మేస్త్రి లోపల ఏదో పటుక్కున తెగింది. అది పశ్చాత్తాపం అంటే బాగుంటుంది గాని, నిజం అది కాదు. అదీ అసూయే. పనిలో వాడే ముందు, నవ్వులో వాడే ముందు, ప్రేమలో వాడే ముందు. ఇప్పుడు తన మెడకు ఉరి బిగుస్తుందని తెలిసీ నిజం చెప్పడంలోనూ వాడేనా! ఇది ఒక్కటైనా వాడికి వదిలిపెట్టకూడదు అనిపించింది. దేవుడు మనిషిని దారికి తెచ్చేటప్పుడు వాడి దగ్గర ఏది ఉంటే దానితోనే తెస్తాడు కాబోలు.

పేరు పిలవకముందే లేచాడు.

"లైటు వెయ్యలేదమ్మా."

"ఎవరు మీరు?"

"పాలిషు పెడతానమ్మా. గుమ్మం దగ్గర ఉన్నది నేనే. వీళ్ళు కార్డు చూపించారు, పోలీసులని నాకు తెలుసు. స్విచ్చి నా చేతికి ఇంత దూరం. వెయ్యలేదు. లైటు వేస్తే మిషను ఆగేది, వీళ్ళ అరుపు వాళ్ళకి వినబడేది. ఇంత జరిగేది కాదు."

"వేశానని సంతకం పెట్టారే?"

"సిగ్గేసి పెట్టానమ్మా."

"మర్చిపోయారా?"

ఆవిడ దారి ఇచ్చింది. అవునంటే సరిపోయేది. మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది.

"లేదమ్మా. వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు. నాకు కడుపు మండింది. ఉలిక్కిపడితే బాగుండుననుకున్నాను. ఆ తర్వాత బీరువా వెనక దాక్కున్నాను. లోపలున్నవాడికి వీళ్ళు పోలీసులని తెలిసే దారి ఒక్కటే, అది నేను. నేను చెప్పలేదు."

మేజిస్ట్రేటు గారు ఆయన చెప్పినదంతా అక్షరం పొల్లు పోకుండా రాయించింది. రాయిస్తుంటే మధ్యలో కుర్ర పోలీసు చెయ్యెత్తాడు. "మేడమ్, కార్డు చూపించాక ఈయనే వెళ్ళి చూసుకోమన్నారు. ఏ లైటూ వెయ్యలేదు. నన్ను ఇదివరకు ఎవరూ అడగలేదు," అన్నాడు. పెద్ద పోలీసు అతని వైపు ఉరిమి చూశాడు. అతను కళ్ళు దించుకోలేదు.

ఆ సాయంత్రమే చిన్నల్లుడికి బెయిలు వచ్చింది. కేసు నిలబడదనీ, కాకపోతే తప్పుడు వాఙ్మూలం ఇచ్చినందుకు పాలిషు మేస్త్రి మళ్ళీ రావాల్సి ఉంటుందనీ వకీలమ్మ చెప్పింది. "మీరు మంచి పని చేశారు," అని మాత్రం అనలేదు. ఆవిడ నిజాయితీ గల మనిషి.

బయట మెట్ల మీద అందరూ చిన్నల్లుణ్ణి చుట్టేశారు. మరదలు వాడి చొక్కా పట్టుకుని వదలడం లేదు. అత్తగారు వాడి తలా వీపూ తడిమి తడిమి చూసుకుంటోంది. వాడు ఆ తలల మీదుగా, "అన్నయ్యా!" అని పిలవబోయాడు. పెద్దమేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "ఇప్పుడు కాదురా," అన్నాడు. ఆ మాట పాలిషు మేస్త్రికి వినబడింది. వినబడాలనే ఆయన అన్నాడో ఏమో.

అత్తగారు ఒక్కసారి తిరిగి చూసింది. "మా ఇంట్లో ఏం లోటు చేశామండీ మీకు?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. ఆయన ఉన్నదంతా లోపలే చెప్పేసి వచ్చాడు.

వాళ్ళు ఆటోలో సర్దుకుని కూర్చున్నారు. ఇంకొకరికి చోటు లేదు. ఆ గుంపుని చూస్తే ఆయనకు మళ్ళీ కడుపులో ఆ పాత మంట లేచింది. ఇంత చెప్పాక కూడా పోలేదు. అయితే ఈసారి దానికి దాక్కోవడానికి చోటు లేదు. ఊరంతటికీ తెలిసిన మంట అది. అందుకేనేమో కాస్త చల్లగా ఉంది.

ఆటో కదిలిపోయాక చూస్తే, భార్య దిగిపోయి రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"నువ్వు వెళ్ళలేదా?"

"నాకు మీ మీద కోపం పోలేదు," అంది ఆవిడ. "ఇప్పట్లో పోయేట్టూ లేదు. మా నాన్న భుజం చూసినప్పుడల్లా వస్తుంది. పోయిన రోజున చెప్తాను, అందాకా మీరు అడక్కండి."

"అడగను."

"చెయ్యి ఇటు చూపించండి."

ఆయన చూపించాడు. వేళ్ళ సందుల్లో దద్దుర్లు పగిలి ఎర్రగా ఉన్నాయి.

"ఇంత అయ్యేదాకా ఒక్క మాట చెప్పరే!" అని ఆవిడ కసిరింది. "వీధి చివర మందుల షాపు మూసేస్తారు. నడవండి త్వరగా."